చిత్తకార్తె నుంచి ఉగాది దాకా: కుక్క కోపానికి ఒక లెక్క



చిత్తకార్తె పేరు ఎత్తగానే మన పల్లెల్లో పెద్దవాళ్లకు వానకంటే ముందు కుక్కలు గుర్తొస్తాయి. అక్టోబరు రెండో వారంలో మొదలై నాలుగో వారం దాకా సాగే కార్తె అది. ఒక ఆడకుక్క వెనక ఐదారు మగకుక్కలు, వాడవాడకూ కొట్లాటలు, తెల్లవార్లూ అరుపులు. విత్తనాలకూ వానలకూ కట్టుకున్న కార్తెల లెక్కలోనే కుక్కలు జతకట్టే కాలాన్ని కూడా మన రైతులు ఎప్పుడో చేర్చిపెట్టారు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త అనిందితా భద్ర, ఆమె బృందం వీధికుక్కల వెంట ఏళ్ల తరబడి తిరిగి రాసుకున్న వివరాలూ ఇదే చెబుతున్నాయి. మన దేశపు వీధికుక్కలు చాలావరకు వానాకాలం చివర జతకడతాయి, చలికాలంలో ఈనుతాయి.

కుక్క చూలు దాదాపు 63 రోజులు. చిత్తలో జతకడితే డిసెంబరు రెండో సగానికల్లా పిల్లలు పుడతాయి. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో ధనుర్మాసం నాటికి ఏ గడ్డివాము సందులోనో, కట్టెల మోపుల వెనకో, సగం కట్టి ఆపిన ఇంటి మెట్ల కిందో కళ్లు తెరవని కూనలుంటాయి. గురుకులాల నుంచి పిల్లలు సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరేసరికి ఆ కూనలకు మూడు నాలుగు వారాలు నిండి, తప్పటడుగులతో వాకిట్లోకి వస్తాయి. శంభులింగేశ్వరస్వామి గుడి దగ్గర శివరాత్రి జాతర జరిగి, ఎద్దుల పందేలకు చుట్టుపక్కల మండలాలన్నీ కదిలొచ్చే నాటికి వాటికి రెండు నెలలు. ఉగాదికి మూడు నెలలు దాటుతాయి.

ఈ లెక్క ఎందుకంటే, కుక్క కరిచిందన్న వార్త మనకు కాటు దగ్గరే మొదలవుతుంది. కుక్క వైపు నుంచి చూస్తే కథ చాలా ముందే మొదలై ఉంటుంది. దాని కోపానికి ఒక కాలముంటుంది, ఒక చోటుంటుంది, ఒక కారణముంటుంది. కరిచే ముందు అది ఒంటితో చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ఆ మాటలు పట్టించుకునే మనిషి పక్కన ఉంటే చాలా కాట్లు తప్పిపోతాయి.

ముందు తల్లికుక్క సంగతి. ఏడాదంతా ఎవరినీ ఏమీ అనకుండా, హోటల్ ముందు పడుకుని, విసిరిన ఇడ్లీ ముక్క తిని బతికే కుక్క డిసెంబరులో ఒక్కసారిగా మీద పడుతుంది. దానికి పిచ్చెక్కిందని ఊరు అనుకుంటుంది. నిజానికి దాని పిల్లలు పది అడుగుల దూరంలో ఉంటాయి. రాజస్థాన్‌లోని జైపూర్‌లో ‘హెల్ప్ ఇన్ సఫరింగ్’ సంస్థ 1994 నుంచి వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తోంది. అక్కడి ఆసుపత్రిలో నమోదైన కుక్కకాట్ల లెక్కలను పరిశోధకులు నెలల వారీగా తీసి చూశారు. 2013లో అచ్చయిన ఆ అధ్యయనంలో రెండు విషయాలు తేలాయి. కుక్కలు ఈనే కాలంతో పాటు కాట్లూ పెరుగుతున్నాయి. ఆపరేషన్లు సాగిన కొద్దీ ఏటికేడూ కాట్లు తగ్గాయి. ఈనని కుక్కకు కాపాడుకోవలసిన కూనలుండవు. కారణం అంత సూటిగా ఉంది.

కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో తల్లికుక్క ఉన్న మూలకు పిల్లలను పోనీయకపోవడమే మొదటి జాగ్రత్త. సెలవుల్లో పిల్లల చేతులు ఊరుకోవు. కూనను ఎత్తుకుని ఇంటికి తెస్తారు, అది కుయ్‌మంటుంది, తల్లి పరుగెత్తుకొస్తుంది. తల్లిని తరమడానికి పెద్దవాళ్లు కర్ర తీస్తారు. ఆ మూల చుట్టూ నాలుగు ముళ్లకంపలు అడ్డం పెట్టి, ఇటువైపు రావద్దని చెప్పేస్తే నెలన్నరలో ఆ కోపం దానంతటదే చల్లారుతుంది.

ఇక కూనల సంగతి. ఇది ఇంకా ముఖ్యం, మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోనిది కూడా. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్లపాటు కుక్కపిల్లలను పెంచి, గమనించి, 1965లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. దాదాపు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల బుర్ర తలుపులు బార్లా తెరుచుకుని ఉంటాయని వాళ్ల పని తేల్చింది. ఆ రోజుల్లో అది చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, తగిలిన చేతులు జీవితాంతం దానికి మామూలు విషయాలవుతాయి. ఆ గడువులో మనిషి చెయ్యి ఎరగని పిల్ల పెద్దయ్యాక మనిషిని చూసి బెదురుతుంది. బెదిరిన కుక్కకు పారిపోయే దారి దొరక్కపోతే కరుస్తుంది.

మన క్యాలెండరులో ఆ గడువు సరిగ్గా సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఆ రెండున్నర నెలల్లో ఊరు ఆ కూనలకు ఏం నేర్పుతోంది? కోల్‌కతా బృందం 364 వీధికుక్క పిల్లల వెంట ఉండి 2016లో ఇచ్చిన లెక్క చూస్తే మనసు చివుక్కుమంటుంది. నూటికి 19 మాత్రమే పిల్లలు పెట్టే వయసు దాకా బతికాయి. చనిపోయిన వాటిలో 63 శాతం చావులకు ఏదో ఒక రకంగా మనిషే కారణం. బండి చక్రాల కింద పడ్డవి, కొట్టి చంపినవి, తల్లికి దూరంగా ఎత్తుకుపోయి వదిలేసినవి. ఆ గండాలన్నీ దాటి బతికిన కుక్క మన వీధిలో పెద్దదవుతోంది. అది మనిషిని చూసి పండ్లు బయటపెడితే, ఎక్కడ నేర్చుకుందని అడగక్కర్లేదు.

అదే బృందం 2017లో మరో ప్రయోగం వివరాలు ప్రకటించింది. పరిచయం లేని మనుషులు కొన్ని వీధికుక్కలకు రోజూ తిండి పెట్టారు, మరికొన్నింటి తల నిమిరారు. రోజులు గడిచేకొద్దీ తిండి పెట్టిన వాళ్లకంటే నిమిరిన వాళ్లనే కుక్కలు ఎక్కువగా నమ్మాయి. వీధికుక్కలు మనిషి స్పర్శకు ఎంత మొహం వాచి ఉన్నాయో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కుక్క ఒంటిని దగ్గరగా చూద్దాం. ఒక ఇంటి అరుగు కింద కుక్క పడుకుని ఉంది. నాలుగేళ్ల పాప చేతులు చాపుకుంటూ దాని దగ్గరికి వస్తోంది. కుక్క ముందు ఆవలిస్తుంది. నిద్ర వచ్చి కాదు. ముక్కు మీద నాలుకతో ఒకసారి నాక్కుంటుంది. ఎదురుగా తిండేమీ లేదు. తల పక్కకు తిప్పుకుంటుంది, కళ్లు మాత్రం పాప మీదే ఉంటాయి, కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. చెవులు వెనక్కి అతుక్కుంటాయి. తోక పొట్ట కిందికి పోతుంది. లేచి అవతలికి పోదామంటే వెనక గోడ. పాప ఇంకో అడుగు వేస్తుంది. కుక్క ఒళ్లు బిగుసుకుంటుంది, ఊపిరి కూడా ఆగినట్టుంటుంది, చూపు నిలిచిపోతుంది. అప్పుడు గుర్రుమంటుంది. పెదవి పైకి లేచి కోరపళ్లు కనబడతాయి. గాలిలో ఒకసారి ఉత్తినే కొరుకుతుంది. ఇన్ని చెప్పాక కరుస్తుంది.

బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఈ వరసను నిచ్చెన మెట్లుగా బొమ్మ గీసి చూపించింది. అన్ని కుక్కలూ అన్ని మెట్లూ ఎక్కవు. కింది మెట్లను ఎవరూ పట్టించుకోరని అనుభవంతో తెలుసుకున్న కుక్క వాటిని వదిలేసి, నేరుగా పై మెట్టుకు చేరుతుంది. చెప్పాపెట్టకుండా కరిచిందని మనం అనే కుక్కల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. అది చెప్పింది, చాలాసార్లు చెప్పింది, వినేవాళ్లు లేక మానేసింది.

గుర్రుమనడం మంచి సంకేతం. ఇది వినడానికి వింతగా ఉండొచ్చు, కానీ కుక్కల నడవడి తెలిసిన పశువైద్యులు గట్టిగా చెప్పే మాట ఇదే. గుర్రుమన్న కుక్కను కొడితే దాని భయం పోదు, గుర్రుమనడం పోతుంది. ఆపైన ఆ కుక్క నిశ్శబ్దంగా కరవడం నేర్చుకుంటుంది. గుర్రుమన్న క్షణాన చేయవలసింది ఒక్కటే. పిల్లను వెనక్కి తీసుకోవాలి, కుక్కకు దారి వదలాలి. తర్వాత తీరిగ్గా ఆలోచించాలి: దేనికి బెదిరింది?

మొరిగే కుక్క కరవదు అన్న సామెతను నమ్ముకుని కాటు తిన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మొరిగే కుక్కల్లో చాలా వాటికి మనం దూరంగా పోతే చాలు. కానీ మొరుగుతూనే దగ్గరికొచ్చి, ఉన్నట్టుండి నోరు మూసి బిగుసుకుపోయిన కుక్క ముందు సామెత పనిచేయదు. తోక ఊపే కుక్క సంగతీ అంతే. ఒళ్లంతా వదులుగా, నడుము దాకా ఊగిపోతూ తోక ఊపితే స్నేహం. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా నిలబెట్టి, చివర మాత్రమే గబగబా కదిలిస్తే దూరం జరగాలి.

కోపానికి కారణాలు వేరు వేరు. భయం వాటన్నిటిలో పెద్దది. తర్వాత నొప్పి. చెవిలో పుండు పడినా, గోమార్లు పట్టినా, తొక్కిన గాయంలో పురుగులు పడినా, ముసలితనంలో కీళ్లు పట్టేసినా, పదేళ్లుగా పిల్లలతో ఆడిన కుక్క కూడా చెయ్యి వేయగానే కొరుకుతుంది. నెమ్మదైన పెంపుడు కుక్క హఠాత్తుగా కోపిష్టిదైతే ముందు పోవలసింది పశువైద్యశాలకే. తిండి దగ్గర కోపం ఇంకొకటి. పళ్లెంలో మూతి పెట్టిన కుక్కను, బొక్క నములుతున్న కుక్కను ఎవరూ కదిలించకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం మరొకటి, అందులో కోపంకంటే వేట బుద్ధి ఎక్కువ. మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. షిఫ్టు దిగి అర్ధరాత్రి బైకుల మీద ఇళ్లకు పోయే కార్మికులకు ఈ తరమడం బాగా తెలుసు. యాక్సిలరేటర్ పెంచితే కుక్కకు ఆట ఇంకా ముదురుతుంది. కాలితో తన్నబోతే బండి అదుపు తప్పుతుంది. బండి నెమ్మది చేసి, అవసరమైతే ఆపేస్తే, తరమడానికి ఏమీ మిగలక చాలా కుక్కలు అక్కడే ఆగిపోతాయి.

గొలుసు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కాపలా కుక్క అంటే ఇరవై నాలుగు గంటలూ కట్టేసి ఉంచేదని మనకొక నమ్మకం. కట్టేస్తే కోపం పెరుగుతుంది, కోపం ఉంటే దొంగ రాడు అని లెక్క. అమెరికాలోని డెన్వర్‌లో 1991లో కరిచిన కుక్కలనూ, అదే పేటల్లోని కరవని కుక్కలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కరిచిన వాటిలో మగవి ఎక్కువ, ఆపరేషన్ కానివి ఎక్కువ, ఆవరణలో గొలుసుతో కట్టేసినవి ఎక్కువ. గొలుసుకు కట్టిన కుక్కకు భయమేస్తే పారిపోయే వీలుండదు, మిగిలిన దారి కరవడమే. అది కరిచేది కూడా దొంగను కాదు. వాకిట్లోకి వచ్చిన పక్కింటి పిల్లనో, పాలు తెచ్చిన మనిషినో. పగలు కొన్ని గంటలైనా గోడ లోపల విడిచిపెట్టి, పొద్దున సాయంత్రం తాడుతో తిప్పుకొచ్చిన కుక్క కాపలాలో ఏమీ తగ్గదు. తన ఇల్లు, తన మనుషులు ఎవరో దానికి ఇంకా బాగా తెలుస్తుంది.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని మరో సామెత. కొట్టి లొంగదీయాలి, మనమే పెద్ద అని చూపించాలి అన్న ఆలోచన ఒక్క మన ఊరిది కాదు, ప్రపంచమంతా ఉంది. దాని వేరు 1947లో ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను చూసి రుడాల్ఫ్ షెంకెల్ రాసిన వ్యాసంలో గుంపు నాయకత్వం కోసం సాగే పోరాటాల వర్ణన ఉంది. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1970లో రాసిన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. తర్వాత అదే మీచ్ అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో తన పాత అభిప్రాయాన్ని తానే సరిదిద్దుకున్నాడు. అడవి తోడేళ్ల గుంపంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. ఒక కుటుంబం. అక్కడ సింహాసనం కోసం యుద్ధం లేదు. కానీ ఆ పాత మాట కుక్కల శిక్షకుల నోళ్లలో ఇప్పటికీ తిరుగుతోంది.

కొడితే ఏమవుతుందో 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు యజమానులనే అడిగారు. కొట్టి గానీ తన్ని గానీ చూసినవాళ్లలో, తమ కుక్క తిరగబడిందని చెప్పినవాళ్లు నూటికి 43 మంది. కళ్లలోకి గుచ్చి చూసి బెదిరించినవాళ్లలో అలా చెప్పినవాళ్లు నూటికి 30 మంది. అంటే దెబ్బ కాటును ఆపడం మాట అటుంచి, కాటును దగ్గరికి తెస్తోంది.

మరి ఏం చేయాలి? కుక్కకు దేనిని చూస్తే భయమో అది ఎంత దూరంలో ఉంటే ఓర్చుకోగలదో ముందు కనుక్కోవాలి. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషిని చూస్తే రెచ్చిపోయే కుక్క ఉందనుకుందాం. సిలిండర్ల ఆటో వీధి చివర ఉన్నప్పుడు అది చెవులు రిక్కించి చూస్తుంది, మొరగదు. ఆ దూరంలోనే దానికి ఉడికించిన గుడ్డు ముక్కో, కోడి కూర ముక్కో పెట్టాలి. ఆటో వెళ్లిపోగానే ముక్కలు ఆగిపోవాలి. కొన్నాళ్లకు ఆటో చప్పుడు వినగానే కుక్క యజమాని ముఖం వైపు చూస్తుంది. ఆ చూపు వచ్చాకే నాలుగడుగులు దగ్గరికి జరగాలి. తొందరపడి మొరిగే దాకా తీసుకుపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇది వారాల పని, ఒక్కోసారి నెలల పని. ఆ మధ్యకాలంలో గేటుకు గడియ, మూతికి బుట్ట, వచ్చేవాళ్లకు ముందే ఒక కేక తప్పనిసరి. నోట పట్టుకున్న చెప్పును లాక్కునే బదులు మరో తిండి ముక్క చూపించి వదిలించడం కూడా ఇలాంటిదే.

ఇంటి కుక్కకు యజమాని ఉంటాడు. వీధికుక్కకు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క మన రాష్ట్రంలో జరిగినవి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 2023 ఫిబ్రవరి 19, ఆదివారం. హైదరాబాద్ అంబర్‌పేటలో తండ్రి పనిచేసే చోటికి వచ్చిన నాలుగేళ్ల బాబు ఒంటరిగా నడుస్తుంటే వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. కెమెరాలో నమోదైన ఆ దృశ్యం రాష్ట్రాన్ని కుదిపేసింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఏడాది తిరిగాక, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రివేళ తుపాకులతో వచ్చినవాళ్లు దాదాపు 20 వీధికుక్కలను కాల్చి చంపారు. పెంపుడు కుక్క మీద వీధికుక్కలు దాడి చేశాయన్న కక్షతో ఇది చేశారని, నిందితులను పట్టుకున్నాక పోలీసులు చెప్పారు. ఒక చోట పసివాడి ప్రాణం, ఇంకో చోట తుపాకీ. రెండు చోట్లా, అంతకు ముందు చేయవలసిన పని ఎవరూ చేయలేదు.

చంపితే చట్టం ఒప్పుకోదన్నది ఒక సంగతి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద అది నేరం. పని జరగదన్నది ఇంకో సంగతి. వీధిలో కుక్కలను నిలబెట్టేది అక్కడి తిండి. చికెన్ సెంటర్ వెనక పేగులు, ఫంక్షన్ హాలు పక్కన విస్తరాకులు అలాగే ఉన్నంతకాలం, ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి. అవి కొత్తవి, ఈ ఊరి మనుషులను ఎరగనివి, సూది పడనివి. మాంసం వ్యర్థాలు మరిగిన గుంపులు రాత్రివేళ గొర్ల దొడ్లలో పడి మందను చీల్చినప్పుడు గొల్లకురుమల ఇంట్లో పోయేది ఒక ఏడాది బతుకు. కాబట్టి పంచాయతీ మొదట చూడవలసింది కుక్కను కాదు, చికెన్ వ్యర్థాలను. గుంత తవ్వి పూడ్పించడానికి పెద్ద నిధులక్కర్లేదు.

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి చిన్న కోత గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఈ పద్ధతినే ఖాయం చేసింది, ఒక మినహాయింపుతో. రేబిస్ ఉన్నవాటినీ, దూకుడుగా ప్రవర్తించేవాటినీ తిరిగి వీధిలో వదలకూడదు. అదే ఏడాది నవంబరు 7 ఉత్తర్వులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలవద్దని కూడా చెప్పింది. దూకుడు కుక్క అని ఇప్పుడు ఎవరో ఒకరు తేల్చాలి. కూనలున్న తల్లికుక్కకూ, గాయం నొప్పితో మూలిగే కుక్కకూ, మనుషుల వెంటబడి కరిచే కుక్కకూ తేడా తెలియకుండా తేలిస్తే, పాపం లేనిది బోనులోకి పోయి, అసలుది వీధిలో మిగులుతుంది.

ఆపరేషన్లకూ కార్తెల లెక్క పనికొస్తుంది. డిసెంబరులో పుట్టిన కూనలకు జూన్‌కు ఆరు నెలలు నిండుతాయి, ఆపరేషన్‌కు తగిన వయసు అదే. మృగశిర నుంచి హస్త దాకా నాలుగు నెలల వ్యవధి. ఆ లోపల మండలంలో ఆడకుక్కలకు ఆపరేషన్లు చేయించగలిగితే ఆ చిత్తకార్తెకు వీధి వీధంతా తేడా కనబడుతుంది. ఆపరేషన్ అన్ని రకాల కోపాన్నీ తీసేయదు. భయంతో పుట్టిన కోపం అలాగే ఉండొచ్చు. జతకట్టే కాలపు కొట్లాటలు, కూనల కోసం ఎగబడటం మాత్రం తగ్గుతాయి.

రేబిస్ వేరే కథ. దాన్ని కోపంతో కలపకూడదు. రేబిస్ సోకిన కుక్క గొంతు మారిపోతుంది, చొంగ కారుతుంది, కింది దవడ వేలాడుతుంది, ఏ కారణం లేకుండా కర్రనూ రాయినీ మనిషినీ పశువునూ కొరుకుతూ తిరుగుతుంది. కొన్ని కుక్కలు మాత్రం ఒక మూల పడి ఉంటాయి, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టే యజమానికి ప్రమాదం అక్కడే ఉంది. లక్షణాలు కనబడ్డ కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నూటికి 99 కేసులు కుక్కల వల్లే, కాటు పడేవాళ్లలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ల లోపు పిల్లలు. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే వాటి మధ్య ఆ వ్యాధి గొలుసు తెగిపోతుంది. ఊరూరా టీకాలు వేసుకుంటూ పోయిన గోవా 2021లో తనను రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. మన దగ్గరా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా మొదటి సూది వేయించాడు.

పిల్లలకు నేర్పవలసింది కొంచెమే, కానీ ఆడించి నేర్పాలి. స్టాచ్యూ ఆట మన పిల్లలందరికీ వచ్చు. కుక్క మీదికొస్తే స్టాచ్యూ. పరుగెత్తకూడదు, అరవకూడదు, చేతులు ఒంటికి ఆనించి, కళ్లు నేల మీద పెట్టి కదలకుండా నిలబడాలి. కుక్క వాసన చూసి పోతుంది, అది కదిలాకే మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి. కింద పడిపోతే మోకాళ్లు పొట్టలోకి లాక్కుని, ముడుచుకుని, వేళ్లు పెనవేసి మెడ వెనక, మోచేతులు చెవుల మీద. బడిలో ప్రార్థన తర్వాత వారానికోసారి ఐదు నిమిషాలు ఆడిస్తే చాలు. రాయి తీసినట్టు వంగితే కుక్క పారిపోతుందని పెద్దలు నేర్పుతారు, నిజమే, చాలాసార్లు పారిపోతుంది. కానీ రాళ్ల దెబ్బలు తిన్న కుక్కకు వంగే ప్రతి మనిషీ శత్రువే. రేపు బంతి కోసం వంగిన పిల్లవాడిని అది రాయి తీసేవాడనే అనుకుంటుంది.

అన్నీ చేసినా కాటు పడొచ్చు. అప్పుడు కారం, సున్నం, పసుపు, పసరు ఏవీ పెట్టకూడదు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగాలి, ఎందుకంటే కంగారులో రెండు నిమిషాలే పదిహేనులా తోస్తాయి. వైరస్‌లో చాలా భాగం ఆ నీళ్లలోనే పోతుంది. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, హుజూర్‌నగర్, కోదాడ ఆసుపత్రులకో తీసుకుపోవాలి. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేస్తారు. అది వేశారా అని అడిగి తెలుసుకోవాలి.

బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి పోనివాళ్లున్నారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన పాత టీకా అది, మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు భుజాల మీద చర్మంలోకి సన్న సూది. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్, భారత్ బయోటెక్ సంస్థలు కూడా ఆ టీకాలు తయారు చేస్తున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు కట్టనవసరం లేదు. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా బతికి ఉందా అన్నది గమనిస్తూ ఉండాలి గానీ, దానికోసం మొదటి సూది ఆపకూడదు. మిగిలినవి ఎన్ని వేయాలో డాక్టరు చెబుతాడు.

పిల్లలు మాత్రం కాటు సంగతి దాస్తారు. కుక్కను ఆటపట్టించినందుకు ఇంట్లో తిడతారని, సూది వేయిస్తారని. ఒక్కోసారి కాటు కూడా ఉండదు, మోకాలి మీద పంటి గీత మాత్రమే ఉంటుంది, ఆటలో గీసుకుందని చెబుతారు. సంక్రాంతి సెలవుల్లో, జాతర రోజుల్లో పిల్లలకు స్నానం చేయించేటప్పుడు చేతులు, కాళ్లు, ముఖం ఒకసారి చూడాలి. గీత కనబడితే తిట్టకుండా అడగాలి. నిజం చెప్పిన పిల్లను ఆ రోజే తీసుకుపోవాలి, వారం తర్వాత తెలిసినా అప్పుడైనా తీసుకుపోవాలి, ఎందుకంటే లక్షణాలు బయటపడటానికి తరచుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. అవి మొదలుకాక ముందు వేసిన సూది ప్రాణం నిలబెడుతుంది.